వేలంవెర్రిలో ఇషాపూర్ తుపాకీ

అమెరికాలో తుపాకులు వేలం వేసే వెబ్‌సైట్లలో ఓ తరహా ప్రకటన తరచూ కనిపిస్తుంది. శీర్షికలో పెద్ద అక్షరాలతో 'అరుదైన రెండో ప్రపంచ యుద్ధపు ఎన్‌ఫీల్డ్' అని ఉంటుంది. కింద ఫొటోలు ఉంటాయి. వాటిలో ఒకదాన్ని పెద్దది చేసి చూస్తే, తుపాకీ మెడ దగ్గర ఉక్కు పట్టీ మీద మన అశోక సింహాల ముద్ర, ఆర్.ఎఫ్.ఐ. అన్న మూడు అక్షరాలు, '7.62 ఎంఎం 2ఏ1' అన్న గుర్తు, 1960లలోని ఏదో ఒక సంవత్సరం కనిపిస్తాయి. ఆర్.ఎఫ్.ఐ. అంటే రైఫిల్ ఫ్యాక్టరీ, ఇషాపూర్. కోల్‌కతాకు ఉత్తరాన హుగ్లీ ఒడ్డున ఉన్న మన ప్రభుత్వ కర్మాగారం. రెండో ప్రపంచ యుద్ధం 1945లో ముగిసింది. మూడు సింహాలు మన రాజముద్ర అయింది 1950లో. అంటే ప్రకటన అబద్ధమని అందులోని ఫొటోయే చెబుతోంది. అయినా పాట పెరుగుతూనే ఉంటుంది. అదే సమయంలో అదే నమూనా తుపాకీ, అంతే బాగున్నది, ఇంకో అమ్మకందారు దగ్గర అంతకంటే తక్కువ స్థిర ధరకు దొరుకుతున్నా సరే.

నిజంగా అరుదైన వస్తువుకు ఎక్కువ ధర పలకడంలో వింత లేదు. ఒక్కటే ఉంది, ఇద్దరికి కావాలి, ఎవరి దగ్గర డబ్బుంటే వాళ్లది. వింతంతా మామూలు తుపాకుల దగ్గరే. రష్యాలో పుట్టిన మోసిన్-నాగాంట్ రైఫిళ్లు సుమారు 3.7 కోట్లు తయారయ్యాయని అంచనా. మన పోలీసు స్టేషన్ల గుమ్మాల్లో తరాల తరబడి సెంట్రీ భుజాన వేలాడిన త్రీనాట్‌త్రీ, అంటే లీ-ఎన్‌ఫీల్డ్, అన్ని రకాలూ కలిపి 1.7 కోట్లు. సోవియట్ల ఎస్కేఎస్ కోటిన్నర. జర్మన్ల మౌజర్ 98కే 1.4 కోట్లు. అమెరికా సైన్యపు ఎం1 గరాండ్ 54 లక్షల పైమాటే. వీటిలో చాలా భాగం తుక్కయిపోయినా, కావాలంటే దొరకని వస్తువులు మాత్రం కావు. అలాంటప్పుడు చదువుకున్నవాడు, జీతం లెక్క చూసుకుని బతికేవాడు, పక్క దుకాణంలో దొరికేదానికి వేలంలో నూరో రెండు నూర్లో డాలర్లు ఎక్కువ ఎందుకు పెడతాడు?

తెలుగులో దీనికి ఒక మాట ముందే ఉంది: వేలంవెర్రి. ఆ మాట ఎప్పుడు ఎలా పుట్టిందోగానీ, ఆర్థికశాస్త్రవేత్తలు గత యాభై ఏళ్లుగా లెక్కలు కట్టి నిరూపిస్తున్నది దాదాపు ఇదే. కాకపోతే వాళ్లు చెప్పేదాంట్లో వెర్రి పాలు మనం అనుకునేంత ఉండదు. పొరపాటు పాలే ఎక్కువ.

ముందు ఈ బజారు ఎలా పనిచేస్తుందో చూడాలి. 1999లో ఈబే తన వెబ్‌సైట్‌లో తుపాకుల అమ్మకాన్ని నిషేధించింది. ఆ ఖాళీలో అదే ఏడాది గన్‌బ్రోకర్ అనే వెబ్‌సైట్ మొదలైంది. 2021లో దాన్ని ఓ తూటాల తయారీ సంస్థ దాదాపు 24 కోట్ల డాలర్లకు కొనుక్కుందంటే ఆ వ్యాపారం ఎంత పెరిగిందో ఊహించుకోవచ్చు. అక్కడ పాట గెలిచినవాడికి తుపాకీ నేరుగా ఇంటికి రాదు. వేరే రాష్ట్రంలోని అమ్మకందారు దాన్ని కొనుగోలుదారు ఊళ్లోని లైసెన్సు ఉన్న డీలరుకు పంపాలి. డీలరు ఫారం నింపించి, ఎఫ్‌బీఐ వ్యవస్థలో నేర చరిత్ర సరిచూసి, తన రుసుము తీసుకుని చేతికిస్తాడు. యాభై ఏళ్లు దాటిన పాత ఆయుధాలను సేకరించేవాళ్లకు మాత్రం మూడేళ్లకు 30 డాలర్ల రుసుముతో ఓ ప్రత్యేక లైసెన్సు ఉంది. అది ఉంటే అలాంటి తుపాకీ తిన్నగా ఇంటికే వస్తుంది. 1898 లేదా అంతకుముందు తయారైనదైతే సమాఖ్య చట్టం దృష్టిలో అది తుపాకీయే కాదు, పురాతన వస్తువు. ఈ తేదీ సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ అవసరం పడుతుంది.

బోర్డు ఆట చెప్పిన నిజం

వేలంలో ఎక్కువ పెట్టారని ఎలా తేలుస్తాం? 'నాకది అంత విలువైనదే' అని కొన్నవాడంటే కాదనడం కష్టం. ఈ చిక్కుముడిని హాన్ లీ, ఉల్‌రికే మాల్మెండియర్ అనే ఇద్దరు పరిశోధకులు తెలివిగా విప్పారు. వాళ్లు తీసుకున్నది తుపాకీ కాదు, 'క్యాష్‌ఫ్లో 101' అనే బోర్డు ఆట. ఈబేలో ఆ ఆట వేలానికీ ఉండేది, అదే పేజీలో స్థిర ధరకూ ఉండేది. కొత్త పెట్టె, అదే సరుకు. 2011లో అచ్చయిన వాళ్ల అధ్యయనం ప్రకారం 42 శాతం వేలాల్లో చివరి ధర, పక్కనే కనిపిస్తున్న స్థిర ధరను మించిపోయింది. ఇంకా రకరకాల వస్తువులకు విస్తరించి చూస్తే అది 48 శాతానికి పెరిగింది.

ఆశ్చర్యపోవాల్సింది ఈ అంకె చూసి కాదు. హద్దు దాటి పాడినవాళ్లు మొత్తం పాటదారుల్లో కేవలం 17 శాతమే. మిగిలిన 83 శాతం మంది లెక్క ప్రకారమే నడుచుకున్నారు. కానీ వేలం అనే యంత్రం తెలివైనవాళ్లందరినీ ఒక్కొక్కరిగా పక్కకు తప్పించి, లెక్క తప్పినవాణ్నే వెతికి పట్టుకుని వస్తువు చేతిలో పెడుతుంది. దుకాణంలో పదిమందిలో ఒకడు మతిమాలినవాడైతే ఆ ఒక్కడే నష్టపోతాడు, ధర మారదు. వేలంలో ఆ ఒక్కడే ధర నిర్ణయిస్తాడు.

లెక్క వేసి చూద్దాం. ఒక 2ఏ1 రైఫిల్ వేరేచోట 500 డాలర్లకు స్థిర ధరలో ఉందనుకుందాం. వేలంలో పదిమంది దాన్ని చూస్తున్నారు. ఎనిమిది మంది 500 దాటేది లేదనుకున్నారు. మిగతా ఇద్దరూ స్థిర ధర చూడనేలేదు, లేదా చూసి మరిచిపోయారు. ఒకడు 600 వరకు, ఇంకొకడు 620 వరకు సిద్ధం. వెబ్‌సైట్ వాళ్ల తరఫున తానే పాట పెంచుకుంటూ పోతుంది కాబట్టి వేలం 610 దగ్గర ఆగుతుంది. పైన రవాణాకు 40, డీలరుకు 35, ఏడు శాతం పన్ను కింద 43. మొత్తం 728. అవే ఖర్చులు స్థిర ధరకు కలిపితే 610 అవుతుంది. అంటే 118 డాలర్ల తేడా. గెలిచినవాడి మనసులో మాత్రం '620 అనుకున్నాను, 610కే వచ్చింది' అన్న సంతోషం. పైఖర్చులు పాట పెంచేటప్పుడు ఎవరికీ గుర్తురావు. బిల్లు వచ్చాకే గుర్తొస్తాయి.

ఈ పద్ధతిని మొదట సిద్ధాంతీకరించిన విలియం విక్రీ ఇలా జరుగుతుందని అనలేదు. గెలిచినవాడు రెండో పాట ధరే చెల్లిస్తాడు కాబట్టి, ఎవరైనా తన మనసులోని అసలు విలువను ఒక్కసారి చెప్పి ఊరుకోవడమే మంచిదని ఆయన 1961లో రాశారు. ఆ కృషికే 1996లో నోబెల్ వచ్చింది. బహుమతి ప్రకటించిన మూడు రోజులకే ఆయన కన్నుమూశారు. గణితంగా చూస్తే ఆయన చెప్పింది తిరుగులేనిది. చిక్కల్లా ఒక్కటే, మనిషి తన 'అసలు విలువ'ను సోమవారం రాత్రి 450 అని రాసిపెట్టుకుని, మంగళవారం రాత్రి ఎవరో 460 అనగానే 475కు సవరించుకుంటాడు. రాత్రికి రాత్రి తుపాకీలో ఏం మారింది? ఏమీ లేదు. ఇంకొకడు దాన్ని కోరుకుంటున్నాడని తెలిసింది, అంతే.

నాణేల సీసా, చమురు బావి

వస్తువు విలువ సరిగ్గా తెలియనప్పుడు ఇంకో ప్రమాదం తోడవుతుంది. 1971లో అట్లాంటిక్ రిచ్‌ఫీల్డ్ చమురు కంపెనీకి చెందిన ముగ్గురు ఇంజనీర్లు ఒక వ్యాసం రాశారు. మెక్సికో సింధుశాఖలో చమురు తవ్వకాల వేలంపాటలు గెలిచిన కంపెనీలకు ఆశించిన రాబడి ఎందుకు రావడం లేదన్నది వాళ్ల ప్రశ్న. వాళ్లు చెప్పిన కారణం సూటిగా ఉంది. అడుగున ఎంత చమురుందో ఎవరికీ తెలియదు, అందరూ అంచనా వేస్తారు. అంచనాల సగటు సరిగ్గానే ఉండొచ్చు. కానీ పాట గెలిచేది సగటు అంచనా వేసినవాడు కాదు, అందరికంటే ఎక్కువ ఆశపడ్డవాడు. దీన్నే విజేత శాపం అంటున్నారు.

1983లో మ్యాక్స్ బేజర్‌మన్, విలియం శామ్యూల్సన్ ఇదే సంగతిని తరగతి గదిలో చూపించారు. ఎనిమిది డాలర్ల విలువైన నాణేలు నింపిన సీసాలను మేనేజ్‌మెంట్ విద్యార్థులకు వేలం వేశారు. విద్యార్థుల అంచనాల సగటు 5.13 డాలర్లు, అంటే తక్కువే వేశారు. గెలిచిన పాటల సగటు మాత్రం 10.01 డాలర్లు. గుంపు పిసినారిదైనా గెలిచినవాడు నష్టపోయాడన్నమాట.

రక్షణ రంగం గురించి చదివేవాళ్లకు ఇక్కడ ఓ మాట చెప్పాలి. ఈ శాపం తలకిందులుగా కూడా పనిచేస్తుంది. మన ప్రభుత్వ టెండర్లలో అందరికంటే తక్కువ కోట్ చేసిన ఎల్-1కే కాంట్రాక్టు దక్కుతుంది. నిజంగా చవకగా చేయగలిగినవాడే ఎల్-1 అయితే మంచిదే. ఖర్చును అందరికంటే తక్కువగా అంచనా వేసి పొరబడ్డవాడు కూడా ఎల్-1 అవుతాడు. తరువాత గడువు పొడిగించమనడం, నాణ్యత తగ్గడం, అసలు సరఫరాయే ఆగిపోవడం లాంటివి ఆ పొరపాటుకు కట్టే వడ్డీ. అమెరికా కలెక్టరు జేబుకు పడే చిల్లు చిన్నది. సైన్యం కొనుగోళ్లలో పడేది అంత చిన్నదిగా ఉండదు.

పాత తుపాకీ ఆ నాణేల సీసా లాంటిదే. గొట్టం లోపలి గాళ్లు తుప్పు పట్టాయా లేదా అన్నది ఫొటోలో సరిగ్గా కనిపించదు. విడి భాగాల మీది నంబర్లన్నీ ఒకటే అయితే విలువ ఎక్కువ. కానీ సోవియట్ ఆయుధశాలలు యుద్ధం తరువాత లక్షల మోసిన్‌లను విప్పి, శుభ్రం చేసి, దొరికిన భాగాలు బిగించి, పాత నంబర్లు కొట్టేసి కొత్తవి ముద్రించాయి. తెలిసినవాడు ఆ అక్షరాల తీరు చూసి పట్టేస్తాడు. తెలియనివాడికి 'అన్ని నంబర్లూ సరిపోయాయి' అన్న ఒక్క వాక్యం చాలు. మామూలు మోసిన్‌కు దుర్భిణి బిగించి స్నైపర్ రైఫిల్‌గా అమ్మడం కూడా అక్కడ పాత విద్యే. స్టాలిన్‌గ్రాడ్ స్నైపర్ల కథతో 2001లో 'ఎనిమీ ఎట్ ద గేట్స్' సినిమా వచ్చాక ఆ తుపాకీని కోరుకునేవాళ్లు పెరిగారు. ఆ విద్యకు గిరాకీ తగ్గే అవకాశం లేదు.

అమెరికన్ కలెక్టర్లలో ఓ నానుడి ఉంది: తుపాకీని కొను, కథను కాదు. అందరూ ఆ మాట చెబుతారు, కొనేటప్పుడు మాత్రం కథే కొంటారు.

గడియారం కూడా పాటదారే

వేలం నియమాలూ తమ వంతు పని చేస్తాయి. ఈబేలో గడువు ముగిసిందంటే ముగిసినట్టే. అందుకే చివరి క్షణాల్లో పాట వేసి పారిపోయే ఎత్తు అక్కడ పుట్టింది. గన్‌బ్రోకర్‌లో అలా కుదరదు. చివరి పదిహేను నిమిషాల్లో ఎవరు పాట పెంచినా గడువు జరుగుతుంది. పదిహేను నిమిషాల పాటు ఎవరూ కదలకపోతేనే వేలం ముగుస్తుంది. మన ఊళ్లలో 'ఒకటోసారి, రెండోసారి' అన్నట్టే. ఆల్విన్ రాత్, ఆక్సెల్ ఓకెన్‌ఫెల్స్ 2002లో ఈబేను, అప్పట్లో గడువు పొడిగించే నియమం ఉన్న అమెజాన్ వేలాలతో పోల్చారు. పొడిగింపు ఉన్నచోట చివరి నిమిషపు ఎత్తులు బాగా తగ్గాయని తేల్చారు. అది న్యాయమైన పద్ధతే, కాదనను. కానీ రాత్రి పదకొండింటికి కంప్యూటర్ ముందు కూర్చున్నవాడికి ఆ పొడిగింపు ఇంకో రకంగా పనిచేస్తుంది. ఓడిపోయానని ఒప్పుకోవడానికి పదిహేను నిమిషాలు ఉంటాయి. అంతసేపు తెరను చూస్తూ కూర్చున్నవాడు చాలాసార్లు ఒప్పుకోడు.

ఒక్క సెంటుకో డాలరుకో పాట మొదలుపెట్టడం ఇంకో ఎత్తు. చూసేవాళ్లకు ఇదేదో చవకగా వచ్చేట్టుందనిపిస్తుంది. గిలియన్ కు, ఆడమ్ గలిన్‌స్కీ, కీత్ మర్నిఘన్ 2006లో చూపించింది ఏమిటంటే, తక్కువ నుంచి మొదలైన వేలాలు ఎక్కువ దగ్గర ముగియగలవు. తక్కువ ధర ఎక్కువమందిని లోపలికి లాగుతుంది. లోపలికి వచ్చినవాళ్లు సమయం ఖర్చు పెడతారు. అప్పటికే పాతిక పాటలు పడ్డ వస్తువు చూసి కొత్తవాళ్లు 'ఇందులో ఏదో ఉంది' అనుకుంటారు. రెండు రోజుల పాటు తనదే ఎక్కువ పాటగా ఉన్న మనిషి ఆ తుపాకీని గోడ మీద ఎక్కడ పెట్టాలో కూడా నిర్ణయించుకుని ఉంటాడు. ఇక దాన్ని వదులుకోవడమంటే తన వస్తువే పోగొట్టుకున్నట్టు.

ఈ వెర్రి ఒక్క వేలంతో పోదు. ముగిసిన వేలాల ధరలే తరువాతి అమ్మకందారుకు కొలమానం. ఎవరో ఇద్దరు పోటీపడి 610కి లాక్కెళ్లిన తుపాకీ ధరను పట్టుకుని పదిమంది అమ్మకందారులు 'గత నెల 610 పలికింది' అంటారు. అదే నెలలో 430కి పోయినవాటి గురించి ఎవరూ మాట్లాడరు.

భయానికీ ధర ఉంది

అలాగని ఎక్కువ పెట్టినవాళ్లందరినీ అమాయకులనడం అన్యాయం. అమెరికాలో పాత సైనిక తుపాకుల సరఫరా ఎప్పుడు ఆగిపోతుందో నిజంగానే తెలియదు. 1968 నాటి తుపాకుల నియంత్రణ చట్టం విదేశీ సైనిక మిగులు ఆయుధాల దిగుమతిని ఆపేసింది. 1980ల మధ్యలో పాతకాలపు సేకరణ తుపాకులకు తలుపు మళ్లీ తెరుచుకుంది. 1994లో చైనా తుపాకుల దిగుమతి ఆగింది, దాంతో చవకైన చైనా ఎస్కేఎస్‌ల వరద తగ్గింది. 2014లో రష్యా కలాష్నికోవ్ సంస్థపై ఆంక్షలు పడ్డాయి. 2021లో రష్యా ఆయుధాలకు కొత్త దిగుమతి అనుమతులపై ఆంక్షలు వచ్చాయి. 2000లలో వంద డాలర్ల లోపే దొరికిన మోసిన్ ఇప్పుడు దానికి కొన్ని రెట్లు పలుకుతోంది. అప్పట్లో వేలంలో ఇరవై డాలర్లు ఎక్కువ పెట్టి తిట్లు తిన్నవాడు ఇప్పుడు నవ్వుకుంటూ ఉండొచ్చు.

2020లో ఈ భయం శిఖరానికి చేరింది. మహమ్మారి, వీధుల్లో ఆందోళనలు, అధ్యక్ష ఎన్నికలు కలిసి ఆ ఒక్క ఏడాదే ఎఫ్‌బీఐ వ్యవస్థలో సుమారు 3.97 కోట్ల నేర చరిత్ర తనిఖీలు నమోదయ్యాయి. ప్రతి తనిఖీ ఒక అమ్మకం కాదు కానీ, ఊపు ఏ స్థాయిలో ఉందో తెలుస్తుంది. దుకాణాల్లో అరలు ఖాళీ అయినప్పుడు వేలంలో పలికే ధరను 'ఎక్కువ' అనాలా, 'ఆ రోజు ధర' అనాలా?

ఎం1 గరాండ్ సంగతి ఇంకా తేలిగ్గా అర్థమవుతుంది. అమెరికా కాంగ్రెస్ చట్టంతో ఏర్పడిన సివిలియన్ మార్క్స్‌మన్‌షిప్ ప్రోగ్రామ్ అనే లాభాపేక్ష లేని సంస్థ సైన్యపు మిగులు గరాండ్‌లను శ్రేణులవారీగా, ప్రకటించిన ధరకు అమ్ముతుంది. కానీ కొనాలంటే అమెరికా పౌరుడై ఉండాలి, అనుబంధ క్లబ్బులో సభ్యత్వం చూపాలి, గురి శిక్షణ రుజువు ఇవ్వాలి, వరుసలో ఆగాలి. వేలం వెబ్‌సైట్‌లో అవేవీ అక్కర్లేదు, ఈ రాత్రే అయిపోతుంది. కాబట్టి అక్కడ ఎక్కువ పెట్టేవాళ్లలో కొందరు కాగితాల బెడద తప్పించుకోవడానికి తెలిసే పెడుతున్నారు. ఆ సంస్థ ఒకటుందని కూడా తెలియక పెట్టేవాళ్లు ఇంకొందరు. ధర ఒకటే, కారణాలు వేరు.

పెషావర్ నుంచి కాఠ్‌మాండూ దాకా

దక్షిణాసియా ఈ కథలో సరుకు పంపే చోటు మాత్రమే కాదు, మోసాల పుట్ట కూడా. పాకిస్తాన్‌లో పెషావర్‌కు దక్షిణాన, కోహాట్ దారిలో దర్రా ఆదంఖేల్ ఉంది. అక్కడి అఫ్రీదీ పనివాళ్లు తరాలుగా బ్రిటిష్ తుపాకులకు చేత్తో నకళ్లు చేస్తున్నారు. రాణి కిరీటం, ఎన్‌ఫీల్డ్ పేరు, తేదీ అన్నీ చెక్కుతారు. ఇంగ్లిషు చదవని చేతులు కాబట్టి అక్షరాలు తిరగబడతాయి, స్పెల్లింగులు తప్పుతాయి. అన్నిటికంటే తేలిగ్గా పట్టించేది తేదీ. విక్టోరియా రాణి 1901 జనవరిలో చనిపోయింది. ఆమె ముద్ర కింద 1907 అనో 1912 అనో ఉందంటే ఆ తుపాకీ పుట్టిల్లు ఇంగ్లండ్ కాదు.

2001 తరువాత అఫ్గానిస్తాన్‌లో పనిచేసిన అమెరికా సైనికులు స్థావరాల దగ్గరి బజార్లలో ఇలాంటివి కొన్నారు. 1898 లోపువైతే పురాతన వస్తువుగా ఇంటికి తీసుకెళ్లొచ్చు కాబట్టి, దుకాణదారులు ఆ లోపు తేదీలు చెక్కించడం నేర్చుకున్నారు. గిరాకీ ఎటుంటే చరిత్ర అటు కదిలింది. అలా వెళ్లినవి ఇప్పుడు 'యుద్ధభూమి నుంచి సైనికుడు తెచ్చిన తుపాకీ' అన్న కథతో వేలానికి వస్తుంటాయి. కథ అబద్ధం కాదు, సైనికుడు తెచ్చిన మాట నిజమే. తుపాకీయే అబద్ధం. దాని ఉక్కు మెత్తనిది. సరదాకు తూటా వేసి పేలిస్తే బోల్టు ముఖానికి తగలొచ్చు. పోయేది డబ్బొక్కటే కాదు.

నేపాల్ కథ వేరు. 2003 ప్రాంతంలో అమెరికాకు చెందిన వ్యాపారులు కాఠ్‌మాండూలోని పాత లగన్ సిలేఖానా భవనంలో పేరుకుపోయిన ఆయుధ నిల్వను నేపాల్ ప్రభుత్వం నుంచి మొత్తంగా కొన్నారు. మార్టిని-హెన్రీలు, బ్రన్స్‌విక్‌లు, నేపాల్ సొంతంగా చేసుకున్న గహేంద్ర రైఫిళ్లు టన్నులకొద్దీ బయటపడ్డాయి. శతాబ్దపు దుమ్ముతో సహా అవి అమెరికాలో స్థిర ధరలకు అమ్మకానికి వచ్చాయి. ఎక్కడివో దాచకుండానే అమ్మారు. అయితే చేతులు మారేకొద్దీ కాఠ్‌మాండూ మాయమవుతుంది. మార్టిని-హెన్రీ అంటే అమెరికన్‌కు, ఇంగ్లిషువాడికి గుర్తొచ్చేది 1879 నాటి జులూ యుద్ధం, దాని మీద వచ్చిన సినిమా. హిమాలయాల్లో పెట్టె దాటని తుపాకీకి ఆఫ్రికా యుద్ధపు పేరు అంటిస్తే పాట ఇంకాస్త పెరుగుతుంది.

మనవే, మనకు తెలియనివి

ఇక మళ్లీ ఇషాపూర్‌కు. 1962లో చైనాతో యుద్ధం మన సైన్యం చేతిలో ఉన్న ఆయుధాల వయసును బయటపెట్టింది. తనంతట తాను తూటా ఎక్కించుకునే కొత్త 1ఏ సెల్ఫ్ లోడింగ్ రైఫిళ్లు కావలసినంత వేగంగా తయారు కావడం లేదు. మధ్యలో ఖాళీ పూడ్చడానికి ఇషాపూర్ ఇంజనీర్లు తమకు చేయి తిరిగిన లీ-ఎన్‌ఫీల్డ్ నమూనానే తీసుకుని, మెరుగైన ఉక్కుతో, కొత్త 7.62 తూటాకు సరిపడేలా కొత్తగా తయారుచేశారు. అది 2ఏ. పదికి బదులు పన్నెండు తూటాల మ్యాగజైన్. 2ఏకు 2000 మీటర్ల దాకా గుర్తులున్న సైటు ఉండేది. బోల్టు రైఫిల్‌తో రెండు కిలోమీటర్ల గురి ఉత్తమాట అని గ్రహించి 2ఏ1లో దాన్ని 800 మీటర్లకు తగ్గించారు. ఈ రకం ఉత్పత్తి 1970ల మధ్య దాకా సాగింది. ప్రపంచంలో ఓ సైన్యం కోసం కొత్తగా రూపుదిద్దిన చివరి బోల్టు రైఫిళ్లలో ఇదొకటి.

1990లలో మిగులు కింద అమెరికా చేరినప్పుడు దీన్ని అడిగినవాళ్లు తక్కువ. చవక సరుకు. కొందరు దిగుమతిదారులు వీటి గొట్టాలు కోసి, చివర మంట కనపడకుండా చేసే గరాటు లాంటిది బిగించి 'జంగిల్ కార్బైన్' అని అమ్మారు. అలాంటిదేదీ మన సైన్యంలో లేదు. ఇప్పటికీ అవి 'భారత సైన్యపు ప్రత్యేక రకం' అంటూ వేలంలో కనిపిస్తాయి. 'పాత త్రీనాట్‌త్రీని మార్చి చేశారు' అన్నది ఇంకో పుకారు. అదీ తప్పే. గ్రెనేడ్లు పేల్చడానికి ముందుభాగానికి తీగ చుట్టిన రైఫిళ్లు, పోలీసుల కోసం గాళ్లు తీసేసి 410 బోరు మస్కెట్‌గా మార్చినవి కూడా అక్కడికి చేరాయి. 'అరుదైనది' అన్న విశేషణం వీటన్నిటికీ ఉచితంగా దొరుకుతుంది. డీపీ అని ముద్ర ఉన్నవి డ్రిల్లుకు మాత్రమే పనికొచ్చేవి, పేల్చకూడనివి. ఎన్‌సీసీలో త్రీనాట్‌త్రీతో కవాతు చేసిన తరానికి ఆ బరువు, ఆ అక్షరాలు గుర్తుండే ఉంటాయి. అక్కడి పాటదారుల్లో ఆ రెండక్షరాల అర్థం తెలియనివాళ్లు ఉన్నారు.

ఇందులో ఓ విచిత్రముంది. ఇషాపూర్‌లో తయారైన ఈ రైఫిల్‌ను టెక్సస్‌లో రైతు కొనుక్కోవచ్చు. ఇషాపూర్‌లో ఆ కర్మాగారంలో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరైనవాడు కొనలేడు. త్రీనాట్‌త్రీ, 7.62 సైనిక రకాలు మన ఆయుధ చట్టం కింద నిషేధిత బోర్లు. అందుకే మన ఆర్డినెన్స్ ఫ్యాక్టరీలు అదే లీ-ఎన్‌ఫీల్డ్ యంత్రాంగంతో పౌరుల కోసం 315 బోరు రైఫిల్ వేరేగా తయారుచేశాయి. 2019 సవరణతో ఒక మనిషి దగ్గర ఉండదగిన తుపాకులు మూడు నుంచి రెండుకు తగ్గాయి. ఈ కట్టడి సరైనదేనని నా అభిప్రాయం. అమెరికాలోలా ఇక్కడా తుపాకుల వేలాలు రావాలని కోరుకునేవాళ్లతో నేను ఏకీభవించను.

బాధించేది వేరే విషయం. 2ఏ1 ఏ సంవత్సరం ఎన్ని తయారయ్యాయి, ఏ నంబర్ల వరుస ఏ ఏటిది, ఏ ముద్రకు అర్థమేమిటి అన్నవి తెలుసుకోవాలంటే ఇవాళ మనవాడు కూడా అమెరికా, బ్రిటన్, కెనడా కలెక్టర్లు తమ దగ్గరున్న తుపాకులను ఒకదానితో ఒకటి పోల్చి రాసుకున్న పట్టికలే చూడాలి. తయారుచేసిన దేశం చెప్పకపోతే అమ్మేవాడు చెబుతాడు. వాడికి ఏది లాభమో అది చెబుతాడు. ముంబయి దాడుల రాత్రి సీఎస్‌టీ స్టేషన్‌లో ఏకే-47ల ఎదుట పోలీసుల చేతిలో ఉన్నవి ఇలాంటి బోల్టు రైఫిళ్లే. ఉత్తరప్రదేశ్ పోలీసులు త్రీనాట్‌త్రీకి 2020 గణతంత్ర దినోత్సవ కవాతుతో వీడ్కోలు పలికారు. ఆ తుపాకులు ఎక్కడ ఏం చేశాయో మన దగ్గర కథలు కథలుగా ఉన్నాయి. కాగితం మీద మాత్రం లేవు.

అందుకే అమెరికా వేలంలో 'రెండో ప్రపంచ యుద్ధపు ఎన్‌ఫీల్డ్' అన్న శీర్షిక కింద 1966 నాటి ఇషాపూర్ తుపాకీ పాట పెరుగుతూ ఉంటుంది. మూడో ఫొటోలో మూడు సింహాలు స్పష్టంగానే ఉంటాయి. వాటి కింద తేదీ కూడా ఉంటుంది. గడువు ఇంకో పదిహేను నిమిషాలు.